జీడి ముట్టని ముద్ద

ఉత్తర కార్తె, మొదటి రోజు

చల్లబిళ్ళ పెట్టిన నర్సు రోజూ నాలుగు ముక్కలు రాయమంది. ఏమనిపిస్తే అది రాయాలట. ఏమీ అనిపించకుండా ఉండేందుకే కదా ఈ బిళ్ళ, అన్నాను. అయితే ఏం చేశారో అదే రాయండి, అంది.

ఇవాళ ఇల్లు కడిగాను. దీపం పెట్టాను. నేను పనిచేసిన మబ్బుల కేంద్రం తాళాలు అప్పజెప్పాను. సంచి సర్దాను.

మా చెల్లెలు లాస్య మఖ కార్తెలో పోయింది. నా తర్వాతది. కూర తరుగుతూ, కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. శ్మశానం గేటు దగ్గరే నాకూ, తమ్ముడు విహాన్‌కీ మెడ వెనక బిళ్ళలు అతికించారు. అందరికీ అతికిస్తారు. రూపాయంత ఉంటుంది, ఒంటి రంగే. స్వాతి కార్తెలో దానంతటదే రాలిపోతుంది. అప్పటికి దుఃఖం పాతబడుతుందని లెక్క.

లాస్య పోయిన నాలుగో రోజున సత్తుపల్లిలో నా రిటైర్మెంటు సభ. ముప్పై ఏళ్ళు మబ్బులు తోలిన చెయ్యి అని పొగిడి దండ వేశారు. నేనూ మాట్లాడాను. చక్కగా మాట్లాడావు ఆద్యా, అన్నారు. పదకొండో రోజున పిండం పెడితే కాకి వెంటనే ముట్టింది. తీరని కోరికలేమీ లేవమ్మా, అన్నాడు పంతులు. విహాన్ సరే అన్నాడు. నేనూ సరే అన్నాను.

కొల్లేటి మీద ఇల్లు లాస్యా నేనూ కలిసి తీసుకున్నాం. వేసవిలో బురద మీద కూర్చుని ఉంటుంది. వానలు పడి సరస్సు నిండితే తేలుతుంది. నేను రిటైరయ్యాక, ఏటా నీళ్ళున్నన్నాళ్ళూ ఇద్దరం అక్కడే ఉండాలన్నది లాస్య పట్టు. పోయినేడే వెళ్ళి కుర్చీలు కొని పెట్టి వచ్చింది. తలుపు అడుగున తన పిల్లికి దారి కూడా కోయించింది.

ఎల్లుండి బయల్దేరాలి. వెళ్ళకపోవడానికి కారణం కనబడలేదు.


ఉత్తర, మూడో రోజు

ఏలూరులో దిగి లాస్య ఇంటికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ పిల్లిని చూసుకున్నది పక్కింటి ఎస్తేరమ్మ.

"రోజంతా మీ చెల్లెమ్మగారి గుమ్మం దగ్గరే కూర్చుంటందండి. తలుపు తీస్తే ఇల్లంతా ఓసారి తిరిగొచ్చి, మళ్ళీ అక్కడే. నేను ఎదురుగా కూర్చుని బతిమాలితే ఇంత తింటంది. మీరంటే దానికి ప్రాణం కదా, ఇంక కుదురుకుంటదిలెండి."

పిల్లి పేరు జీడి. నల్లగా ఉంటుంది, అంటుకుంటే వదలదు. నేనెప్పుడు వచ్చినా దిగేది కాదు నా ఒళ్ళోంచి. "ఇది నా పిల్లి కాదక్కా, నీదే. నాకు అద్దెకిచ్చావు" అనేది లాస్య.

బుట్ట మూత తీసి చెయ్యి పెట్టాను. జీడి వాసన చూసింది. చెవులు వెనక్కి వాల్చి, బుట్ట అవతలి అంచుకి ఒదిగింది.

"ప్రయాణం బెదురండి" అంది ఎస్తేరమ్మ.

అప్పటికి ఇంకా బయల్దేరలేదు.

పంటు మీద సరస్సు దాటుతుంటే జీడి అరుస్తూనే ఉంది. టిక్కెట్లు కొట్టే అతను వచ్చి నిలబడ్డాడు.

"పిల్లికి కూడా తియ్యాలండి."

"బుట్టలో ఉంది కదా నాయనా."

"బుట్టలో ఉన్నా అరుస్తంది కదండీ. అరిచేదానికి టిక్కెట్టు, అరవనిదానికి సామాను రేటు."

తీశాను. అతని లెక్క ప్రకారం నేను సామాను కిందికి వస్తాను.

పక్కన కూర్చుని జంతికలు తింటున్నావిడ నా మెడ వైపు చూసింది.

"చల్లబిళ్ళాండీ? ఎవరు?"

"చెల్లెలు."

"బాగా పనిచేస్తందా?"

"చేస్తోంది."

"మా అత్తగారప్పుడు నాకు ఒకటే దురదండి. కొబ్బరినూనె రాసుకోండి, ఏం ఊడదు."

ఒక జంతిక ఇచ్చింది. తిన్నాను. బాగుందో లేదో గమనించలేదు.


ఉత్తర, నాలుగో రోజు

ఇల్లు రెండు గదులు, ముందు వసారా. కింద డ్రమ్ములు. నాలుగు మూలలా నాలుగు ఇనప స్తంభాలు, వాటిని పట్టుకుని ఇంటికి నాలుగు ఉంగరాలు. నీళ్ళు లేచినకొద్దీ ఉంగరాలు స్తంభాల మీద జారి ఇల్లు పైకి వస్తుంది. వాటికి గ్రీజు రాయాలి. మూడింటికి రాశాను. నాలుగోది లాస్య గది వైపు ఉంది. ఆ తలుపు తీసి లోపలికి వెళ్తేగానీ అందదు. తర్వాత రాద్దామనుకున్నాను.

పక్క ఇంటికీ మా ఇంటికీ మధ్య చెక్క వంతెన. పొద్దున్నే దాని మీద కర్ర టకటకలాడించుకుంటూ ఒక ముసలావిడ వచ్చింది. హన్విక పిన్నిగారు. ఎనభై దాటాయి. ఆవిడ సంగతి లాస్య చెబుతుండేది.

"పెద్దదానివి నువ్వేనా? మీ చెల్లి ఏదీ? నోరుగల పిల్ల. పోయినేడు ఉన్న రెండు రోజులూ నా చెవులు పోటెత్తించింది. నువ్వేంటమ్మాయ్, ఉలుకూ లేదు పలుకూ లేదు?"

నేను వెనక్కి తిరిగి ముడి ఎత్తి చూపించాను.

"ఓహో. ఎవరికి?"

"లాస్యకే."

పిన్నిగారు అక్కడే చెక్క మీద చతికిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. మొహమంతా తడిసింది. ఆవిడ మెడ మీద బిళ్ళ లేదు. రెండు రోజులు చూసిన మనిషి కోసం బిళ్ళ ఎవరూ ఇవ్వరు.

మంచినీళ్ళు తెచ్చాను. గ్లాసు పట్టుకుని నిలబడి చూశాను. ఏదో దేశం వాళ్ళ ఆచారం చూస్తున్నట్టుంది.

జీడి లాస్య కుర్చీ కిందికి దూరింది. పాలు పెట్టాను. అన్నంలో ఎండు పరిగె చేపలు కలిపి పెట్టాను. రెండూ అలాగే ఉన్నాయి.


ఉత్తర, ఆరో రోజు

జీడి తినలేదు. నీళ్ళు మాత్రం గతుకుతోంది. పిల్లి దారిలోంచి వసారాలోకి వచ్చి, పంటు వచ్చే వైపు చూసి అరుస్తుంది. పంటు వెళ్ళిపోయాక కుర్చీ కిందికి పోతుంది. నేను దగ్గరికి వెళ్తే లేచి అవతలికి పోతుంది.

పిన్నిగారు గిన్నె చూసింది.

"పెద్దకర్మ నాడు కాకి ముట్టిందా?"

"వెంటనే ముట్టింది."

"ఆ కాకికేం తెలుసు? ఆకలేసింది, తిన్నది. పెంచుకున్న జీవం ముట్టలేదంటే అదీ లెక్క. మీ చెల్లికేదో కోరిక ఉండిపోయింది. కనుక్కో. కనుక్కుని మాటియ్యి. పిల్లి తింటుంది."

సబబుగానే తోచింది. కాకి ముట్టకపోతే చేసేది అదే కదా. ఒక్కొక్కరే ముందుకొచ్చి పోయినవాళ్ళకి ఒక్కో మాట ఇస్తారు. ఏ మాటకి ముడతుందో అదే వాళ్ళ కోరిక.

విహాన్‌ని తెర మీదికి పిలిచాను. విశాఖలో ఆఫీసులో ఉన్నాడు.

"చిన్నక్క కోరికలా? పడవ నడపాలనేది కదా పెద్దక్కా. ఇంకా... నేనూ తనూ పోట్లాడుకోకూడదని నువ్వనేదానివి. అది నీ కోరికనుకుంటా."

చేపలు వండి చాలా ఏళ్ళయింది. నేను తినడం మానేశాను కాబట్టి. చెయ్యి మరిచిపోలేదు. లాస్యకి ఇష్టమని చింతకాయ వేసి కొర్రమీను పులుసు పెట్టాను. జీడికి మటుకు కారం లేకుండా రెండు ముక్కలు ఉడికించి అన్నంలో కలిపాను. గిన్నె కుర్చీ ముందు పెట్టి చేతులు జోడించాను. తెరని విహాన్ కనబడేటట్టు గూట్లో నిలబెట్టాను.

"పెద్దగా చెప్పు, వినబడాలి" అంది పిన్నిగారు.

"లాస్యా, నీ పిల్లిని నేను చూసుకుంటాను" అన్నాను.

జీడి గిన్నె వైపు ఒకసారి చూసింది.

"నీ బదులు నేను పడవ నేర్చుకుంటాను."

మొహం తిప్పుకుంది.

"నువ్వు చెప్పరా అబ్బాయ్" అంది పిన్నిగారు తెరతో.

"నేను ఎవరితోనూ పోట్లాడను చిన్నక్కా" అన్నాడు విహాన్. రైళ్ళ రాకపోకలు చెప్పినట్టు చెప్పాడు. అంటూనే పక్కకి చూసి ఎవరికో సంతకం పెట్టాడు.

పిన్నిగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"బాగానే ఉంది సంబడం. అక్కాతమ్ముళ్ళు బ్యాంకులో మాటిచ్చినట్టు ఇస్తున్నారు. పిల్లి కాదుగదా, నేనైనా నమ్మను."

పులుసు ఆవిడే ఇంటికి తీసుకెళ్ళింది. ఉప్పు లేదని అక్కడినుంచి కేకేసింది.


ఉత్తర, ఎనిమిదో రోజు

ఇంకా కొన్ని మాటలు ఇచ్చాను. నీ మొక్కలకి నీళ్ళు పోయిస్తాను. నీ ఎర్ర చీర కట్టుకుంటాను. తోచినవన్నీ అయిపోయాయి.

జీడి ఇప్పుడు అరవడం లేదు. వసారాలోకీ రావడం లేదు. కుర్చీ కిందే ఉంది. ఎత్తితే తేలిగ్గా ఉంటుందని చూస్తేనే తెలుస్తోంది. ఎత్తనివ్వదు.

రెండు పూటలా జపం చేస్తున్నాను. తప్పులు దొర్లడం లేదు. ఇదివరకు మధ్యలో ఎక్కడో ఒకచోట గొంతు పట్టేది, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు మొదటినుంచి చివరికి సాఫీగా వెళ్ళిపోతోంది.

వాన మొదలైంది. మా కేంద్రం నుంచే వచ్చి ఉంటుంది. అక్కడ నా కుర్చీలో ఇప్పుడు కొత్తమ్మాయి ఉంది. మబ్బుని కాస్త ముందుగా వదిలేసింది.


ఉత్తర, తొమ్మిదో రోజు

పశువుల లాంచీ వచ్చింది. డాక్టరు పేరు నజ్మా. తడిసిన టోపీ తీసి వసారాలో పిండి లోపలికి వచ్చింది. కుర్చీ పక్కన నేల మీద బోర్లా పడుకుని చెయ్యి చాపింది. జీడి ఆమె వేళ్ళు వాసన చూసి ఊరుకుంది. ఆమె దాన్ని బయటికి తీసి, పొట్ట నొక్కి, చిగుళ్ళు చూసింది.

"జబ్బేం లేదండి. కానీ పిల్లులు ఇన్నాళ్ళు తినకుండా ఉండకూడదు. లివరు దెబ్బతింటుంది. ఇంకో రెండు మూడు రోజులు ఇలాగే ఉంటే నేను చెయ్యగలిగింది ఉండదు. మీరొకసారి చెయ్యి పెట్టండి."

పెట్టాను. జీడి వాసన చూసి డాక్టరు చంకలోకి దూరింది.

"ముందునుంచీ ఇంతేనా?"

"లేదు. నా ఒళ్ళో పడుకునేది."

"బిళ్ళ ఎప్పుడు పెట్టారు?"

చెప్పాను. ఆమె జీడి వీపు నిమిరింది.

"ఎలా చెప్పాలో... ఆ బిళ్ళతో ఒంట్లో చెమట మారుతుందండి. మనకి తెలీదు, వాటికి తెలుస్తుంది. మొహం మీదే, గొంతు మీదే, వాసన మాత్రం మీది కాదు. అక్కలా ఉన్న ఎవరో తీసుకొచ్చారని బెదిరిపోయింది. మీ ఇంట్లో పోయింది ఒక్కరే కదండీ. దీని లెక్కలో ఇద్దరు."

నేను లాస్య కోరికలన్నీ వెతికాను. ఇది వెతకలేదు.

"దీనికి చిన్న బిళ్ళ ఉంది" అంది నజ్మా. "చెవి వెనక అతికిస్తే రేపటికి తింటుంది. బెంగ ఉండదు. మీ చెల్లెలినీ వెతకదు, మిమ్మల్నీ వెతకదు. ఎవరు పెట్టినా తింటుంది. చాలామంది అదే చేస్తారు. తప్పేం లేదు."

"నాది తీసేస్తే?"

"మీకు స్వాతి దాకా ఉంది కదండీ. ముందే తీస్తే ఇన్నాళ్ళూ ఆపినదంతా ఒక్కసారే వస్తుంది. నేను తియ్యమని చెప్పకూడదు." టోపీ పెట్టుకుంది. "తియ్యొద్దని కూడా చెప్పలేదు, గుర్తుంచుకోండి."

పొట్లం ఇచ్చి వెళ్ళింది. దీపం పక్కన పెట్టాను.

సాయంత్రం జపానికి కూర్చున్నాను. నామాలు సాఫీగా నడిచాయి. భగవంతుడికి కూడా నా వాసన తెలియడం లేదేమో అనుకున్నాను. అనుకుంటే భయం వేయాలి. వేయలేదు.

పొట్లం చూశాను. అది పెడితే జీడి బతుకుతుంది. ఇద్దరం బాగుంటాం. వేళకి తింటాం. లాస్య కోసం గుమ్మం దగ్గర కూర్చునేవాళ్ళు ఇంక ఎవరూ ఉండరు.


ఉత్తర, పదో రోజు

తెల్లారి స్నానం చేసి, దీపం పెట్టి, బిళ్ళ పీకేశాను. కొంచెం తోలు కూడా వచ్చింది.

ఏమీ కాలేదు. పొయ్యి వెలిగించాను. చేపముక్క ఉడకబెట్టాను. గిన్నె పెట్టాను. జీడి కళ్ళు తెరవలేదు.

పిన్నిగారికి చెప్పాను. ఆవిడ నా మెడ చూసింది.

"మా అమ్మ పోయినప్పుడు ఈ బిళ్ళలూ గిళ్ళలూ లేవు. నెల్లాళ్ళు ఏడ్చాం. ఏమైంది? గొంతులు పోయాయి, మళ్ళీ వచ్చాయి. రానీ. నేనెక్కడికీ పోను" అంది. తన కుర్చీ మా వసారాలోకి తెప్పించుకుంది. తెచ్చింది నేనే.

మధ్యాహ్నానికి వాన ముదిరింది. నీళ్ళు లేస్తున్నాయి. ఇల్లు ఒక పక్కకి ఒరిగింది. గిన్నెలు జారడం మొదలైంది. లాస్య గది వైపు ఉంగరం స్తంభానికి పట్టేసింది. నేను గ్రీజు రాయనిది అదే.

"సుత్తి తీసుకో! కింద నుంచి కొట్టాలి!" అని పిన్నిగారు కర్రతో చూపిస్తోంది. "పైనుంచి కాదు తల్లీ, కింద నుంచి! ముప్పై ఏళ్ళు మబ్బులు తోలావట, ఓ ఉంగరం తోలలేవూ?"

ఆ గది తలుపు తీశాను. కిటికీలోంచి సగం ఒళ్ళు బయటికి వంచి కొట్టాను. చాలాసేపు కొట్టాను. వాన ఒక వైపు, చెమట ఒక వైపు. చెయ్యి తిమ్మిరెక్కింది. చివరికి ఉంగరం కీచుమని జారింది. ఇల్లు ఒక్క ఉదుటున పైకి లేచింది. అటక మీదివన్నీ కింద పడ్డాయి. సీసాలు, పళ్ళాలు, లాస్య కొనిపెట్టిన రెండు కాఫీ గ్లాసులు. ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలి ఆగింది.

ఆ మోతకి జీడి కుర్చీ కిందనుంచి ఎగిరింది. ఎటు పోవాలో తెలియక నా మీదికే దూకి గోళ్ళు దింపింది. దిగిపోబోయి ఆగింది. నా చెమట వాసన చూసింది. చెయ్యి, మోచెయ్యి, భుజం, అలా పైదాకా వచ్చింది. మెడ వెనక తోలు లేచిన చోట ముక్కు ఆనించింది. తర్వాత నాకడం మొదలుపెట్టింది. గరుకు నాలిక. మండింది.

కాఫీ గ్లాసు మీద లాస్య నా పేరు చెక్కించింది. పేరు కాదు. అక్క అని.

ఇంక రాయలేను.


హస్త, రెండో రోజు

మధ్యలో రోజులు రాయలేదు. రాయడానికి కూర్చుంటే అక్షరాలు కనబడలేదు.

గొంతు పోయింది. పిన్నిగారు చెప్పినట్టే. ఆవిడ గొంతు కూడా పోయింది. ఆ బొంగురు గొంతుతోనే నా పక్కన కూర్చుని, లాస్య పోయినేడు వాగినవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. మా అక్క మాట్లాడదు పిన్నిగారూ, మీరే మాట్లాడించాలి, అన్నదట. మా అక్క దేవుడితో కూడా పొదుపుగానే మాట్లాడుతుంది, అన్నదట. నేను ఏడుస్తూనే నవ్వాను. రెండూ కలిసి వస్తాయన్న సంగతి మరిచిపోయాను.

విహాన్‌ని పిలిచాను. నన్ను చూసి కంగారుగా "ఏమైంది పెద్దక్కా, మొహమేంటలా ఉంది?" అన్నాడు. చెప్పాను. మెడ వెనక బిళ్ళ తడుముకున్నాడు. తర్వాత, "శనివారం వస్తాను. వచ్చాక నాది కూడా నువ్వే తియ్యి. ఒక్కడినే ఉన్నప్పుడు వద్దు" అన్నాడు.

జపం మధ్యలో ఆగిపోయింది. మొదటినుంచి మొదలుపెట్టాను. మళ్ళీ ఆగింది. ఈసారి ఆగిన చోటే కూర్చున్నాను.

నజ్మా పొట్లం విప్పలేదు. లాంచీ వచ్చినప్పుడు తిరిగి ఇచ్చేయాలి.

ఆ వాన రోజు సంగతి ఒకటి మిగిలింది, అది రాసి ఆపుతాను. నేల మీద, పగిలిన గాజు పక్కకి నెట్టి, జీడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంత ఏడుపులోనూ గిన్నె దగ్గరికి లాక్కుని, వేళ్ళతో చేపముక్క చిదిపి దాని మూతి దగ్గర పెట్టాను. ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వడానికి గొంతు లేదు. వాసన చూసింది. నా మొహంలోకి చూసింది. ఒక తునక తీసుకుంది. ఇంకోటి. తర్వాత వేళ్ళు కూడా నాకింది.

"ముట్టింది! ముట్టిందే ఆద్యా, ముట్టింది!" అని పిన్నిగారు వసారాలో కర్ర కొట్టి అరిచింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కిటికీలు తెరిచి చూశారు.

ఆవిడే రెండో గిన్నెలో అన్నం నాకు పెట్టింది. నాలుగు వేళ్ళతో కలిపి నోటి దాకా తెచ్చాను. ముద్ద దిగలేదు.

"సర్లే, రేపు తిందువుగాని" అంది పిన్నిగారు. గిన్నె మూతపెట్టి పక్కన ఉంచింది.